పిడికెడు బియ్యం చదువు

మా బిడ్డ ఎస్తేరు బీఏ పాసైన ఏడే వానలు మొహం చాటేశాయి. ఒకటి తలుచుకుంటే రెండోది దాని వెంట దానంతటదే నడిచొస్తుంది నాకు. మృగశిర వచ్చింది, పోయింది. ఆరుద్ర కూడా ఎండలోనే గడిచింది. ఉప్పల్లో మా వాడకట్టు వెనక పొలాలు నోళ్లు తెరిచాయి, ఆ పగుళ్లలో కోడిపిల్లలు పడితే పిల్లలు మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసేవాళ్లు. కంట్రోలు దుకాణంలో బియ్యానికి బదులు ఎర్రజొన్నలు పోస్తున్నారు. కరెంటు కోతలని నాచారం కార్ఖానాల్లో షిఫ్టులు తగ్గించారు. మా ఆయన అబ్బయ్య వారంలో సగం రోజులు ఇంటి ముందు సైకిలు తుడుస్తూ కూర్చునేవాడు. తుడిచి తుడిచి ఆ సైకిలుకున్న రంగు పోయింది గాని పని మాత్రం రాలేదు.

పేపర్లో నంబరు పడిన రోజు వాడకట్టంతా మా గుమ్మం ముందే ఉంది. మా చర్చి వాళ్లలో బీఏ దాకా చదివిన ఆడపిల్ల అదొక్కతే. అయితే ఏం చదివిందో చెప్పడమే మాకు కష్టం. మనస్తత్వ శాస్త్రం అన్న మాట నోరు తిరగడానికి నాకు ఏడాది పట్టింది. నాది మూడో క్లాసు చదువు. అందుకని అందరం మనసు చదువు అనేవాళ్లం.

"అయితే బిడ్డా, నా మనసుల ఇప్పుడేమున్నదో జెప్పు" అన్నాడు మా ఆయన.

"చాయ్ ఉన్నది నాయినా" అంది ఎస్తేరు.

"సూసిన్రా, పేపర్ల అబద్ధం రాయలే. నిజంగనే పాసైంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను చాయ్ పెట్టడానికి లోపలికి పోయాను. చక్కెర లేదు, బెల్లం వేశాను.

ఆ చదువు మాకెలా వచ్చిందో చెప్పాలి. మా చర్చి ఆడవాళ్లకొక అలవాటు ఉంది. ఎసరు పెట్టి, బియ్యం కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేస్తాం. పూటకొక పిడికెడు. ఇంట్లో చుట్టాలున్నా సరే, రేపటికి లేకపోయినా సరే, అది దేవునిది. ఆదివారం నాడు కుండలోది గుడ్డలో మూటగట్టి తెచ్చి, చర్చి గుమ్మం దగ్గర గోనెసంచిలో పోస్తాం. మూట బయట విప్పకూడదు. చెయ్యి సంచి లోపలికి పోనిచ్చి, లోపలే ముడి విప్పి గుమ్మరించాలి. ఎవరిది పెద్ద మూటో ఎవరిది చిన్నదో ఒకరిది ఒకరికి తెలియకూడదని మా అత్తల నాటి నుంచీ అదే పద్ధతి. ఆ సంచి మూతి పట్టుకునే పని నాది.

సన్నబియ్యం, దొడ్డుబియ్యం, నూకలు అన్నీ కలిసిన ఆ బియ్యాన్ని చవగ్గా అమ్మి, ఆ డబ్బుతో ఆడపిల్లలను చదివిస్తారు. కొనేది మాలాంటి వాళ్లమే. వండితే ఒక గింజ మెత్తబడేసరికి పక్క గింజ ఇంకా పలుకుగానే ఉంటుంది. ఎస్తేరు చదివినన్నాళ్లూ మేము ఆ అన్నమే తిన్నాం.

ఊరికే ఇచ్చే డబ్బు కాదది, అప్పు. కాగితం, సంతకం ఉండవు. ఎస్తేరు కోఠీలో ఆడపిల్లల కాలేజీకి పోయే ముందు చర్చిలో అందరి ఎదుట నిలబడి, "సదువైనంక కొలువు జేసి, నాకిచ్చిందంత మల్ల ఈ సంచిలనే పోస్త" అని మాట ఇచ్చింది. ఆ మీదట తెలంగాణ గొడవల్లో కాలేజీలు మూతపడి ఒక ఏడాది ఉత్తగా పోయింది. చదువు ఆగింది గాని పిడికెడు ఆగలేదు. మొత్తం మీద పన్నెండు వందలు తేలింది. అంత డబ్బు మా ఆయన ఎప్పుడూ ఒక్కచోట చూసిన మనిషి కాదు.

పాసైన మూడో నాడో నాలుగో నాడో లూర్దమ్మ తన మొగుణ్ని వెంటబెట్టుకుని వచ్చింది.

లూర్దమ్మది మా వెనక గల్లీ. వరసకు నాకు ఆడబిడ్డ. ఆమె మొగుడు సంజీవరావు ఒకప్పుడు మా వాడకట్టులో అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషి. కార్ఖానాలో తన పక్కన పనిచేసేవాడు మిషన్లో పడిపోవడం కళ్లారా చూసిన దగ్గర్నుంచి మాట ఆగిపోయింది. తినమంటే తింటాడు, పడుకోమంటే పడుకుంటాడు. దవాఖానాలో మందులిస్తే నిద్ర వచ్చింది గాని మాట రాలేదు. ప్రార్థనలు చేయించారు. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించారు. ఆ తాయెత్తు మెడలోని సిలువ పక్కనే వేలాడుతుండేది.

ఆ పొద్దు అతనికి తలకు నూనె పెట్టి, దువ్వి, తెల్ల అంగీ తొడిగి తెచ్చింది. పెద్ద డాక్టరు దగ్గరికి తెచ్చినట్టే. కొంగులో రెండు కోడిగుడ్లు కూడా ఉన్నాయి.

"ఇగో కోడలా, నీ మామను నీకు అప్పజెప్పిన. నువ్వు సదువుడు ఎప్పుడైతదా అని దినాలు లెక్కవెట్టుకున్న" అంది.

ఎస్తేరు మొహం చిన్నబోయింది. చేటలో బియ్యం పెట్టుకుని రాళ్లేరుతోందప్పుడు. చేట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"అత్తా, నేను డాక్టర్ను గాను. నేను సదివింది పుస్తకాలల్ల ఉన్నది, గంతే. మనిషిని బాగు జేసుడు నాకు నేర్పలేదు."

"మరి నాలుగేండ్లు ఏం నేర్పిన్రు?"

"గిట్ల ఎందుకైతదో నేర్పిన్రు."

"ఎందుకైందో నాకు ఎర్కనే గద. ఎట్ల పోతదో జెప్పు."

ఎస్తేరు నా వైపు చూసింది. నేను గుడ్లను చూస్తున్నాను.

"ఎంఏ జెయ్యాలె అత్తా. అది రెండేండ్లు. దాని తర్వాత పెద్ద దవాఖానల డాక్టర్ల దగ్గర కూసొని నేర్చుకోవాలె. అప్పుడు జెయ్యొచ్చునేమో."

"గట్లయితె రెండేండ్లు. గిన్ని దినాలు ఆగిన, ఇంక రెండేండ్లు ఆగలేనా" అంది లూర్దమ్మ. ఎస్తేరు చివర అన్న 'నేమో' ఆమె లెక్కలోకి రాలేదు.

ఇంటికి పోదామని లేపితే సంజీవరావు లేవలేదు. సరే కూర్చోనీ అని ఆమె పని చూసుకోను పోయింది. ఎస్తేరు ఏం చేయాలో తోచక అతని పక్కనే కూర్చుని మళ్లీ రాళ్లేరడం మొదలుపెట్టింది. కొంతసేపటికి అతను వేలు చాపి, ఒక రాయిని చేట అంచుదాకా నెట్టాడు. అంతే. అది నేను చూశాను, ఎస్తేరూ చూసింది. మళ్లీ ఏమీ జరగలేదు.

ఆ తర్వాత నుంచి రోజూ పొద్దుగూకే వేళకు లూర్దమ్మ అతన్ని మా అరుగు మీద దిగబెట్టి పోయేది.

మా ఎదురింట్లో సుబ్రహ్మణ్యంగారని ఉండేవారు. కోస్తా వైపు మనిషి. నాచారంలో మాత్రలు చేసే కంపెనీలో గుమాస్తా. మంచి మనిషే, కాకపోతే ఏ మాట చెప్పినా లెక్క వేసి గాని చెప్పడు. ఒక సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"అబ్బయ్యగారూ, మా ఆఫీసులో ఒక ఖాళీ వచ్చిందండీ. ప్యాకింగ్ దగ్గర పెట్టెలు లెక్క చూసే పని. నెలకు నూట ఇరవై. బీఏ అమ్మాయి ఉందని చెప్పాను. సోమవారం పంపించమన్నారు."

"సోమవారమే యూనివర్సిటీల ఫీజు గట్టే ఆఖరి దినం సార్" అంది ఎస్తేరు.

"అయితే చూద్దాం" అని ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పుల్లలు అరుగు మీద పేర్చాడు. "ఒక్కో పుల్ల వంద అనుకోండి. ఇవి పన్నెండు, ఇప్పుడున్న బాకీ. ఎంఏ చేస్తే దీని మీద ఇంకో ఏడెనిమిది పడతాయి. ఆ రెండేళ్లూ ఇంట్లోకి వచ్చేది సున్న. చివర్న ఉద్యోగం వస్తే నెలకు మూడు పుల్లలు. వస్తేనండీ. రాకపోతే ఈ ఇరవై పుల్లలూ అమ్మాయి నెత్తిన. మా కంపెనీలో అయితే సగం ఇంట్లోకి, సగం బాకీకి ఇచ్చినా రెండేళ్లలోపు తీరిపోతుంది."

మా ఆయన చాలాసేపు ఆ పుల్లల వైపు చూశాడు. తర్వాత అందులోంచి ఒకటి తీసి గీసి బీడీ ముట్టించుకున్నాడు.

"ఇగ వంద తీరింది" అన్నాడు.

సుబ్రహ్మణ్యంగారు కూడా నవ్వాడు. నవ్వులు అయ్యాక అడిగాడు, "ఇంతకీ ఈ సైకాలజీతో బీఏ వరకు ఆగితే ఏం వస్తుందమ్మా?"

"బీఏతోటి ఏం రాదు సార్. ఎంఏ జేస్తేనే దానికి ఇలువ. ఇక్కడ ఆపితే బావి సగం తవ్వి ఆపినట్టు" అంది ఎస్తేరు.

"నీళ్లు పడతాయని ఎవరు చెప్పారు?" అన్నాడాయన. తిట్టినట్టు కాదు, నిజంగానే అడిగాడు.

పక్కనే సంజీవరావు ఆ పుల్లలను చూస్తూ కూర్చున్నాడు.

లోపలికొచ్చాక మా ఆయనను అడిగాను. "ఏమయ్యా, ఏం జేద్దాం?"

"నాకేమెర్క? నేను కట్టిన పైసలా? పోసినోళ్లు పోసిన్రు. వాళ్లనే అడగాలె" అన్నాడు. అది కూడా నిజమే. మా బిడ్డ భవిష్యత్తు మా చేతిలో ఉందని అనుకోవడానికి మాకంటూ అందులో ఏముంది? నేను వేసిన పిడికెళ్లు ఉన్నాయి, అవి అందరివాటితో కలిసిపోయాయి.

మా చర్చి పాస్టరు అయ్యగారి భార్యను మేము అమ్మగారు అంటాం. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లందరినీ ఉండమని ఆమె కబురు చేసింది. ఎస్తేరుకు ఇంకా ఇవ్వాలా, ఆపాలా అన్నది ఆ రోజు తేలాలి. ఇస్తే మర్నాడు ఫీజు కట్టాలి.

ఆ ఆదివారం నేను ఎప్పటిలాగే గుమ్మం దగ్గర సంచి మూతి పట్టుకుని నిలబడ్డాను. ఏళ్ల తరబడి పట్టుకున్న సంచి అది. ఎవరి మూట పడితే ఎంత బరువు దిగుతుందో నా మణికట్టుకు తెలుసు. బియ్యం జారేటప్పుడు జలజలమని సన్నటి చప్పుడు వస్తుంది. నూకలైతే ఇంకోలా వస్తుంది.

మొదట వచ్చినామె చెయ్యి లోపల పెట్టి ముడి విప్పింది. చప్పుడు రాలేదు. కొంచెమే కాబోలు అనుకున్నాను. రెండో ఆమెది జొన్నలు, గలగలమన్నాయి. ఆ తర్వాతి ఆమె చెయ్యి లోపల గుడ్డను గట్టిగా దులిపింది. గుడ్డ చప్పుడే వినపడింది. లూర్దమ్మ వచ్చింది. మూట గుప్పిట్లో ముడుచుకుని ఉంది. చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి, మిగతావాళ్ల కంటే ఎక్కువసేపు ఉంచింది. నా మొహంలోకి చూస్తూ నవ్వింది కూడా. సంచి కదలలేదు.

ఒకరా ఇద్దరా. ఆ రోజు సగం మందికి పైగా ఖాళీ గుడ్డలే తెచ్చారు. ఇంట్లో ఎసరే పెట్టనప్పుడు పిడికెడు ఎక్కడి నుంచి తీస్తారు? రాకుండా ఉండొచ్చు. రాకపోతే లేదని తెలిసిపోతుంది. అందుకని వచ్చారు. నేను ఒక్కొక్కరి మొహం చూడలేక నా కాళ్ల వైపు చూసుకుంటూ నిలబడ్డాను. నా పెదవి నేను విప్పకూడదు. ఆ పద్ధతి పెట్టిందే అందుకు.

కూటం మొదలైంది. అమ్మగారు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "ఈసారి ఫీజుకు సరిపడ పైసలు మాత్రమే ఉన్నయి. ఆ తర్వాత రెండేండ్లు మీరు పోసే పిడికెడు మీదనే నడవాలె. కరువు కాలం. ఎవ్వరి మీద బలవంతం లేదు. అమ్మాయికి నౌకరి కూడ దొరికేటట్టున్నది. ఏమంటరు?"

అప్పుడు లూర్దమ్మ లేచింది.

"సదవనీయుండ్రి అమ్మగారూ. సగంల ఆపితె ఇన్నేండ్లు మేం పోసిందంత మన్నుల పోసినట్టే. నా పిడికెడు నేను పోస్త. ఇయ్యాల గూడ పోసిన, సువార్తమ్మ వదినను అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు.

"పోసింది" అన్నాను.

"అయితె ఇష్టమున్నోళ్లు చెయ్యెత్తుండ్రి" అంది అమ్మగారు.

చేతులు లేచాయి. ఒక్కటి కూడా ఆగలేదు. పొద్దున నా సంచి లోపల ఉత్తగా తెరుచుకున్న చేతులే, ఇప్పుడు తలలకంటే పైకి లేచి ఉన్నాయి. ఎస్తేరు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. దాని కళ్లలో నీళ్లు చూసి పక్కనున్నామె, "ఏడువకు బిడ్డా, మేమున్నం గద" అంది.

కూటం అయ్యాక సంచిని లోపలి గదిలో పెట్టాలి. ఎప్పుడూ తల్లీబిడ్డలం ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఈడ్చుకుంటూ పోతాం. ఎస్తేరు నాకంటే ముందు వంగి, చెవులు దొరకబుచ్చుకుని లేపింది. బరువు ఉంటుందనుకుని లేపింది గనక సంచి ఒక్కసారిగా దాని ఛాతీ దాకా వచ్చింది. అది తూలింది. నిలదొక్కుకుని సంచిని ఒక చేతిలోకి మార్చుకుంది. ఒక్క చేతిలోకి.

"గింతేనా అమ్మా?" అంది.

"గింతే."

ఎస్తేరు సంచిని గదిలో పెట్టి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

సోమవారం పొద్దున ఇద్దరం బయల్దేరాం. ఫీజు డబ్బు అమ్మగారు నా చేతికిచ్చింది, నా కొంగున ముడి వేసుకున్నాను. బస్సుకు పెట్టే డబ్బు మిగులుతుందని నడిచే పోయాం. ఎస్తేరు దారి పొడవునా మామూలుగానే మాట్లాడింది. లారీలు లేపిన దుమ్ముకు కొంగు అడ్డం పెట్టుకుని, నాయిన సైకిలు ఇంక తుడవనీయకు, తుప్పు పడతది అంది. నేను నవ్వాను.

హబ్సిగూడ దగ్గర దారి చీలుతుంది. నేరుగా పోతే యూనివర్సిటీ, కుడికి తిరిగితే నాచారం. అక్కడికొచ్చి ఎస్తేరు ఆగింది. చెప్పులో రాయి పడిందేమో అనుకున్నాను.

"అమ్మా, ఆ పైసలు అమ్మగారికి మల్ల ఇచ్చెయ్యి" అంది.

"అందరు చెయ్యెత్తిన్రు గద బిడ్డా."

"ఎత్తిన్రు. నేను సూసిన."

నేను ఇంకో మాట వెతుక్కున్నాను. పద, ఆలస్యమైతుంది అనాలి. వద్దు, నేను అడుక్కొచ్చైనా చదివిస్తాను అనాలి. తల్లిని గదా. నా కొంగున ఉన్న ముడి మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. అడుక్కోవాలన్నా ఎవరినని అడుక్కోను? అడిగితే ఇచ్చేవాళ్లందరూ అప్పటికే ఇచ్చేశారు.

"సుబ్రహ్మణ్యం సార్ తొమ్మిదింటికి గేటు కాడ ఉంటనన్నడు" అని అది కుడికి తిరిగింది. నాచారం వైపు షిఫ్టుకు పోయే సైకిళ్ల మధ్య దాని నీలం చీర కొంచెం దూరం కనిపించింది. ఎదురుగా యూనివర్సిటీ దారి ఖాళీగా ఉంది. నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో, ఒక రిక్షా అతను వచ్చి, "ఎక్కడికి పోవాలె అమ్మా?" అని అడిగాడు. ఎక్కడికీ లేదన్నాను.

సంగతి తెలిసి లూర్దమ్మ ఆ సాయంత్రమే మా గుమ్మంలోకి వచ్చింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నేను ఆగుతనన్న గద వదినా. రెండేండ్లేనాయె. నేను ఆగుతనంటె నీ బిడ్డకు ఆగ చేతగాకపాయె" అంది.

నువ్వు పోసింది ఏమీ లేదమ్మా అని నేను అనగలనా? అనలేదు. ఎస్తేరు కూడా అనలేదు. తల వంచుకుని, "తప్పయింది అత్తా" అంది. లూర్దమ్మ మొగుణ్ని రెక్క పట్టుకుని తీసుకుపోయింది. ఆ తర్వాత చాలా రోజులు మా అరుగు ఖాళీగా ఉంది. ఎస్తేరు పనినుంచి వచ్చి, మాత్రల వాసనతో ఆ అరుగు మీద ఒక్కతే కూర్చుని రాళ్లేరేది. మధ్య మధ్య వెనక గల్లీ వైపు చూసేది.

మొదటి జీతం వచ్చింది. సగం సంచికి పోయింది. మిగిలిన దాంట్లో ఎస్తేరు బజార్లో బియ్యం కొనుక్కొచ్చింది. కలగలిసిన బియ్యం కాదు, ఒకే రకం.

"లూర్దమ్మ అత్తకు రెండు సోలలు ఇద్దామా అమ్మా?"

"తీస్కోదు. ఇస్తె మన మొగానే కొడతది."

"ఇచ్చినట్టు ఇయ్యకు. బదులు తీర్చినట్టు ఇయ్యి."

గిన్నెలో పోసుకుని పోయాను. లూర్దమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది, పొయ్యిలో మంట లేదు. సంజీవరావు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఇగో లూర్దమ్మా, నీ దగ్గర బదులు తీస్కపోయిన బియ్యం. తెద్దాం తెద్దామనుకుంట మర్చిపోయిన" అన్నాను.

ఆమె గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఎప్పుడు తీస్కపోయినవు?"

"ఎండకాలంల. నీకు యాది లేదు."

ఆమె లేచి, చేట తెచ్చి నా ముందు పెట్టింది. "అయితె అయి ఉంటది" అంది. నేను గుమ్మరించాను. ఆమె బియ్యం కడగబోతూ అందులోంచి ఒక పిడికెడు తీసి కుండలో వేయడం నేను ఇంకా గడప దాటకముందే చూశాను.

ఆ ఆదివారం పొద్దున ఒక వాన పడింది. పొలానికి పనికొచ్చే వాన కాదు, దుమ్ము అణగడానికే సరిపోయింది. గుమ్మం దగ్గర సంచి మూతి పట్టుకుని నిలబడ్డాను. లూర్దమ్మ వచ్చి చెయ్యి లోపలికి పోనిచ్చి ముడి విప్పింది. జలజలమంది. సంచి నా చేతిలో కొంచెం కిందికి దిగింది.

ఆమె చెయ్యి వెంటనే బయటికి తీయలేదు.

"వదినా" అంది మెల్లగా, "ఎస్తేరు మల్ల ఎప్పుడు సదువుతది?"

వెనక ఇంకా ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. నేను సంచి మూతిని ఇంకొంచెం వెడల్పు చేసి పట్టుకున్నాను.